మ్యాటర్ మిషను: కావలి నుంచి పని డైరీ

2025 అక్టోబరు 12, ఆదివారం

కావలి ట్రంకు రోడ్డు పక్కన బాబాయ్‌కి డీటీపీ, ఫ్లెక్స్ షాపు ఉంది. ముప్పై ఏళ్లుగా కరపత్రాలు, పెళ్లి కార్డులు, దశదిన కర్మ కార్డులు వేస్తున్నాడు. ఇప్పుడు ఎక్కువగా ఫ్లెక్సులు. వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో కాగితం ఉండదు. "కొత్తగా మెస్సు పెడతన్నాం అన్నా, మ్యాటర్ నువ్వే ఏదన్నా మంచిగా రాయి" అంటారు. రాసేది బాబాయే. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయనకు రాయడం కష్టంగా ఉంది. బెంగళూరులో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను చూసి, "ఏఐ ఏఐ అంటన్నారు గదా అమ్మాయ్, దాంతో రాయించలేవా?" అన్నాడు.

పద్ధతి ఇలా అనుకున్నా. కస్టమర్ షాపు వాట్సాప్ నంబరుకు వాయిస్ మెసేజ్ పెడతాడు. దాన్ని అక్షరాల్లోకి మార్చి ఒక పెద్ద కంపెనీ భాషా మోడల్‌కు, అంటే అడిగింది రాసిపెట్టే ఏఐకి పంపుతా. అది రాసిన మ్యాటర్ తిరిగి కస్టమర్ ఫోనుకే వెళ్తుంది. ఆయన సరే అంటే మా ఆపరేటర్ కంప్యూటర్లోకి దిగుతుంది. మధ్యలో ఎవరూ ఉండరు, అదే దీని గొప్ప అనుకున్నా.

కట్టుబాట్లు ఏమీ పెట్టలేదు. ఏం రాయాలో అడిగేవాడి ఇష్టం, రాసిపెట్టడం మన పని. మోడల్‌కు ఇచ్చిన ఆదేశం రెండే లైన్లు: నువ్వు నెల్లూరు జిల్లాలో ఒక ప్రెస్సులో మ్యాటర్ రాసేవాడివి, తేలిక తెలుగులో రాయి.

అక్టోబరు 18

వారమంతా అనూ ఫాంట్ల దగ్గరే గడిచిపోయింది. మోడల్ ఇచ్చేది యూనికోడ్, అంటే ఫోన్లలో కనిపించే తెలుగు. షాపులో పేజ్‌మేకరు, కోరల్‌డ్రా అన్నీ పాత పద్ధతి అనూ అక్షరాల్లో నడుస్తాయి, ఒకదాని అక్షరం ఇంకోదానికి అర్థం కాదు. కన్వర్టర్ రాసుకుంటే "లక్ష్మి"లో ఒత్తులు విడిపోయి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. క్రావడి పక్క అక్షరం కిందకు జారింది. ఈ బాధ పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు, పడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

దీపావళి టపాసుల కరపత్రం మా మొదటి ఆర్డరు. "లక్ష్మీ బాంబులు, చిచ్చుబుడ్లు, మతాబులు హోల్‌సేల్ ధరలకు" అని చెబితే, మోడల్ ధరల గురించి నాలుగు లైన్లు, శబ్ద కాలుష్యం గురించి ఆరు లైన్లు రాసింది. బాబాయ్ ఆ ఆరూ కొట్టేశాడు. "డబ్బులిచ్చి మరీ తన షాపుకు రావద్దని ఎవడన్నా కరపత్రం ఏయించుకుంటాడా?"

కంపెనీ వాళ్లు మోడల్‌కు నేర్పిన బుద్ధులు ఇవి. నాకు ఒళ్లు మండింది. అడిగింది రాయకుండా నీతులెందుకు?

అక్టోబరు 23

నిన్న కేంద్ర ఐటీ శాఖ ఒక ముసాయిదా పెట్టింది. ఏఐతో తయారైన బొమ్మ, వీడియో మీద ఆ సంగతి చెప్పే గుర్తు కనీసం 10 శాతం జాగాలో ఉండాలట. ఆడియో అయితే మొదటి 10 శాతం సమయంలో చెప్పాలట. ఇది ఆన్‌లైన్ వేదికలకు, ఇలాంటివి తయారు చేసే సాధనాలకు సంబంధించింది. గోడకు కట్టే ఫ్లెక్సుకు కాదు. అయినా సరదాగా లెక్క వేశా. పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సంటే అరవై చదరపు అడుగులు. అందులో ఆరు చదరపు అడుగులు "ఇది యంత్రం గీసింది" అని రాయాలి. పుట్టినరోజు ఫ్లెక్సులో అంత జాగా ఉంటే మన వాళ్లు ఇంకో పన్నెండు మంది పాస్‌పోర్టు ఫొటోలు ఇరికిస్తారు.

అక్టోబరు 31

నవ్వులాట అయిపోయింది.

మొంథా తుపాను 28 రాత్రి నర్సాపురం వైపు తీరం దాటింది. అంతకుముందు నుంచే మా జిల్లాలో కుండపోత. షాపు మూసేశాం గానీ, వాట్సాప్ నంబరు ఆపాలని నాకు తోచలేదు. 27 సాయంత్రం ఒక కాలనీ పెద్దాయన "తుపాను జాగ్రత్తలు మా కాలనీ వాళ్లకు చెప్పాల, మంచిగా రాయి" అని వాయిస్ పెట్టాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. మోడల్ చక్కగా రాసింది: ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి, తాగునీళ్లు పట్టుకోండి, కరెంటు స్తంభాల దగ్గరకు వెళ్లొద్దు. ఆ తర్వాత సొంతంగా ఇంకో రెండు లైన్లు తగిలించింది. సోమశిల జలాశయం గేట్లు ఎత్తినందున పెన్నా ఒడ్డు గ్రామాల వారు వెంటనే ఇళ్లు ఖాళీ చేయాలి, వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఒక పది అంకెల నంబరు.

ఆయన ముందూ వెనకా చూడకుండా దాన్ని కాలనీ గ్రూపులోనూ, చుట్టాల గ్రూపులోనూ పెట్టాడు. కాలనీలో ఎవరికీ ఏం కాలేదు, కావలికి పెన్నా ఎక్కడ? కానీ ఆయన అత్తగారి ఊరు పెన్నా ఒడ్డునే ఉంది. ఆ ముసలావిడ వర్షంలో బట్టల మూట, రేషన్ కార్డు పట్టుకుని ఊరి బడికి వెళ్లి కూర్చుంది. రాత్రంతా తడిబట్టలతోనే ఉందట. ఆ నంబరుకు నేను చేసి చూశా. స్విచాఫ్.

పొద్దున ఆయన షాపుకు వచ్చి అరవలేదు. "మీరు పంపించారు గదమ్మా, కరెక్టే ఉంటదనుకున్నా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

ఎందుకు రాసిందో నాకు తెలుసు. మోడల్‌కు సోమశిల సంగతి తెలియదు. తుపాను ప్రకటనలు ఎలా ఉంటాయో తెలుసు. ఇలాంటి ప్రకటనలో జలాశయం పేరు ఉంటుంది, చివర నంబరు ఉంటుంది. కాబట్టి పెట్టింది. దాని పని మాట తర్వాత కుదిరే మాట వేయడం. కుదిరిన మాట నిజమా కాదా అన్నది దానికి పట్టదు. ఎవరూ చెడ్డ పని అడగలేదు, మోడల్ ఒక్క చెడ్డ మాటా వాడలేదు. అయినా ఒక ముసలావిడ రాత్రంతా తడిసింది. టపాసుల షాపుకు కాలుష్యం మీద ఆరు లైన్లు చదివిన మోడలే ఇది.

నవంబరు 3

మూడు మార్పులు చేశా. మొదటిది, మ్యాటర్ నేరుగా కస్టమర్‌కు వెళ్లదు. బాబాయో, ఆపరేటరో, నేనో చూసి నొక్కితేనే వెళ్తుంది. ప్రెస్సులో ప్రూఫు చూడటం కొత్త సంగతేం కాదు. మిషను వచ్చిందని ఆ మెట్టు తీసేసింది నేనే.

రెండోది, అంకెల తనిఖీ. కస్టమర్ చెప్పిన దాంట్లో లేని అంకె మ్యాటర్లో కనిపిస్తే ఎర్ర రంగు పడుతుంది. ఫోన్ నంబరు, తేదీ, ధర, శాతం ఏదైనా సరే. ఇరవై లైన్ల కోడ్.

మూడోది, భయంతో చేసింది. చంపు, రక్తం, విషం, బాంబు, కత్తి, సారా, ఇలా నూట యాభై మాటల జాబితా రాసుకున్నా. వీటిలో ఏ మాట వచ్చినా మిషను "ఈ అంశంపై సహాయం చేయలేము" అంటుంది. నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

నవంబరు 8

జాబితా సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ, ఇంకెవరన్నా ఇదే తప్పు చేయకుండా రాస్తున్నా.

ఇంగ్లీషులో మాటల జాబితా పెట్టినట్టు తెలుగులో పెట్టడం కుదరదు. మన మాటకు విభక్తులు అతుక్కుంటాయి. విషం, విషాన్ని, విషంతో, విషపు అన్నీ పట్టాలంటే మొదలు పట్టుకోవాలి. అందుకని "విష" అని పెట్టా. దాంతో "విషయం" ఉన్న ప్రతి మ్యాటరూ ఆగిపోయింది. "ముఖ్య విషయం", "విషయ సూచిక" దేన్నీ వదల్లేదు. "సారా" అని పెడితే కేబుల్ ఆపరేటర్ కరపత్రంలో "ప్రసారాలు" ఆగింది, ఒక జ్యోతిష్యుడి కార్డులో "సంసారాలు" ఆగింది. "కత్తి" అని పెడితే టైలరింగ్ క్లాసుల వాళ్ల "కత్తిరింపు" ఆగింది. "రక్తం" కోసం "రక్త" అని పెడితే ఆదివారం జరగాల్సిన రక్తదాన శిబిరం కరపత్రం రెండు రోజులు ముందుకు కదల్లేదు. ఆ కుర్రాళ్లు చివరికి చేత్తో రాసి జిరాక్సు తీయించుకున్నారు.

పెద్ద కంపెనీలు కూడా ఇలా బోల్తా పడ్డాయన్నది ఒక ఊరట. 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన ఏఐ జెమినిలో మనుషుల బొమ్మలు గీయడాన్ని కొన్నాళ్లు ఆపేసింది. బొమ్మల్లో అన్ని రకాల మనుషులూ కనిపించాలని పెట్టిన సర్దుబాటు, చరిత్రలోని సైనికులను గీసేటప్పుడు కూడా పనిచేసి, ఎవరు ఏ కాలంలో ఎలా ఉండేవారో తారుమారు చేసింది. ఉద్దేశం మంచిదే, ఎక్కడ ఆగాలో దానికి చెప్పలేదు. వాళ్ల దగ్గర వేల మంది ఇంజినీర్లు ఉన్నారు, నా దగ్గర నేను, టీ గ్లాసు.

నవంబరు 13

ఈ రోజు సంగతి మాత్రం ఊరటగా లేదు.

రేపు బాలల దినోత్సవానికి హైస్కూలు పిల్లలు జిల్లా చరిత్ర మీద చార్టులు పెడుతున్నారు. ఒక సోషల్ మాస్టారు వాయిస్ పెట్టారు: దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, ఎనిమిది వాక్యాలు, ఏడో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా. మిషను ఏమంది? ఈ అంశంపై సహాయం చేయలేము. ఆయన సాయంత్రం నేరుగా షాపుకు వచ్చారు.

"ఏందమ్మా, మీ మిషనుకు సారా అంటే పడదంటనే! దూబగుంట ఆడోళ్లు వింటే సంతోషపడతారు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

1990 తర్వాత మా జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కూలిపని చేసుకునే ఆడవాళ్లు రాత్రిపూట చదువుకునేవాళ్లు. వాళ్ల వాచకంలో తాగుడు వల్ల కొంపలు ఎలా కూలుతున్నాయో చెప్పే పాఠం ఉండేది. చదివింది తమ ఇంటి కథే. దూబగుంటలో ఆడవాళ్లు లేచారు, రోశమ్మ ముందు నిలిచారు. 1992 నాటికి ఉద్యమం జిల్లా అంతా పాకి సారా వేలంపాటలే ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం.

ఆ పాఠంలో సారా ఉంది, తన్నులు ఉన్నాయి, ఏడుపు ఉంది. అవి తీసేస్తే పాఠమే లేదు. అప్పట్లో ఆ పాఠం నా జాబితా గుండా పోవాల్సి వచ్చి ఉంటే వాచకంలో దాకా చేరేదే కాదు.

జాబితా మొత్తం చెరిపేశా. మాస్టారికి ఎనిమిది వాక్యాలు బాబాయ్ స్వయంగా చెప్పాడు, ఆపరేటర్ కొట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

నవంబరు 27

జాబితా లేదు, అంకెల తనిఖీ ఉంది, చూసి పంపే మనిషి ఉన్నాడు. ఇక చాలనుకున్నా.

రొయ్యల మందుల షాపు ఆయన వచ్చాడు. "వైట్ స్పాట్‌కి మా మందు ఏస్తే మూడు రోజుల్లో తగ్గుద్ది అని గట్టిగా రాయించమ్మా." మిషను ఎంత గట్టిగా రాసిందంటే, "తెల్లమచ్చ వ్యాధికి శాశ్వత పరిష్కారం", "శాస్త్రవేత్తలు ధ్రువీకరించిన ఫార్ములా", "ఎకరాకు రెండు కిలోలు చాలు". రెండు కిలోలన్నది ఆయన చెప్పలేదు. అంకెలో కాకుండా మాటలో రాసింది కాబట్టి నా తనిఖీకి దొరకలేదు. ఆపరేటర్ కుర్రాడు భాష బాగుందని నొక్కేయబోయాడు.

అదృష్టం కొద్దీ బాబాయ్ పక్కనే ఉన్నాడు. అల్లూరు వైపు ఆయన బావమరిదికి రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. "వైట్ స్పాట్‌కి మందేంది? అది పడిందంటే ఉన్నకాడికి పట్టుబడి పట్టి అమ్ముకోవడమే. పక్క గుంటకు పాకకుండా నీళ్లు బయటికి వదలకుండా చూసుకోవాల. మందుందని రాస్తే రైతు నాలుగు రోజులు ఆగతాడు. ఆ నాలుగు రోజుల్లో గుంట తెల్లారిపోద్ది."

అసలే ఈ ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, రైతులు ధర లేక ఏడుస్తున్నారు. అలాంటి వాళ్ల చేతికి వెళ్లేది ఈ కరపత్రం. ఇంకో భయం కూడా ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందులు రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు తిరస్కరిస్తారు. డబ్బాలో ఏముందో అడిగితే ఆయన "ఆర్గానిక్" అన్నాడు.

ఇక్కడే నాకు తిక్క రేగింది. రక్తదానాన్ని ఆపిన మిషను దీన్ని ఆపలేదు. కంపెనీ వాళ్ల మోడల్ కూడా ఆపలేదు. టపాసులకు నీతులు చెప్పిన నోరే అబద్ధపు మందుకు విశేషణాలు పేర్చింది. హాని చేసేది మర్యాదగా, మంచి తెలుగులో, నమస్కారం పెట్టుకుంటూ వస్తుంది. దాన్ని ఏ మాటల జాబితా పట్టుకుంటుంది?

కొత్త నియమం: మందు, ఎరువు, పురుగుమందు, వైద్యం ఏదైనా సరే, డబ్బా మీది లేబుల్ ఫొటో పంపాలి. లేబుల్ మీద లేని గుణం మ్యాటర్లోకి రాదు. ఆయన ఫొటో పంపలేదు. వారం తర్వాత అదే మ్యాటర్, దాదాపు అవే మాటలతో, టీ బంకు గోడ మీద కనిపించింది. వేరే ప్రెస్సులో వేయించుకున్నాడు. బాబాయ్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, నాలుగు వేల కాపీల ఆర్డరు మరి.

డిసెంబరు 14

పెళ్లిళ్ల సీజన్. ఒక పెళ్లికూతురి తండ్రి బాలు గారి వీరాభిమాని. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో పెళ్లి పిలుపు కావాలన్నాడు, నలభై సెకన్లు, వాట్సాప్‌లో పంపుకోవడానికి. "నెల్లూరాయన గొంతు, నెల్లూరు జిల్లా పెళ్లి. అంతకన్నా ఏం గావాలమ్మా?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏముంది? మోసం లేదు, ఎవరినీ తిట్టడం లేదు, ప్రేమే. బాబాయ్ కళ్లు కూడా మెరిశాయి.

సరే, కుదురుతుందో లేదో చూద్దామని రాత్రి ఇంట్లో ప్రయత్నించా. గొంతు నకలు తీసే సాధనం ఒకటి దొరికింది. ఒక పాత ఇంటర్వ్యూ ముక్క చాలు. "ఈ గొంతు వాడుకునే హక్కు నాకు ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టమంది. పెట్టా. ఏ హక్కు, ఎవరిచ్చారు అని అది అడగలేదు. ఆ కంపెనీ పెట్టిన కట్టడి అంతా ఆ ఒక్క టిక్కు.

పది నిమిషాల్లో బాలు గారు కావలి కళ్యాణ మండపానికి అందరినీ పిలిచారు. మాట మధ్యలో ఆ చిన్న నవ్వు కూడా వచ్చేసింది. వంటింట్లో నుంచి పిన్ని వచ్చి నిలబడిపోయింది. "ఎవరు మాట్లాడేది?" అంది. చెప్పా. "ఆయన పోయినరోజు నేను అన్నం తినలేదు. తీసెయ్" అంది. అంతే, ఇంకేం అనలేదు.

ఆయన పోయింది 2020 సెప్టెంబరు 25న. ఆ ఏడాది మొదట్లోనే నెల్లూరులోని తన ఇంటిని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చారు. ఇల్లు ఇచ్చిన మనిషి గొంతు కూడా ఇచ్చేవారేమో. ఇచ్చేవారేమో అనుకోవడానికి నేనెవరిని? 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును ఇలాగే ఏఐతో పుట్టించారు, ఇంట్లోవాళ్లను అడగలేదని కొడుకు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. ఆ ఏడాది జనవరిలోనే ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఒక పాటకు వాడారు. కుటుంబాలను అడిగి, డబ్బు ఇచ్చి వాడారు. రెండు చోట్లా సాధనం పని ఒకటే, అడగడంలోనే తేడా.

కస్టమర్‌కు కుదరదని చెప్పాం. పెళ్లికూతురి మేనమామ చేత చదివించి రికార్డు చేశాం. మధ్యలో ఒకసారి దగ్గాడు. అలాగే పంపుకున్నారు.

2026 జనవరి 11

నూతన సంవత్సరం ఫ్లెక్సులు అయిపోయాయి. ఊపిరి పీల్చుకుందామంటే గ్రోక్ అనే ఏఐ గొడవ. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఆడవాళ్ల ఫొటోల కింద "బట్టలు తీసెయ్" అని రాస్తే ఆ యంత్రం తీసి చూపించింది. జనవరి 2న మన ఐటీ శాఖ నోటీసు ఇచ్చింది. ఇండోనేషియా, మలేషియా దాన్ని తాత్కాలికంగా ఆపేస్తున్నాయి. కంపెనీ ఇప్పుడు బొమ్మల పని డబ్బు కట్టేవాళ్లకే అంటోంది. డబ్బు కడితే చేయొచ్చన్నమాట!

మా చెల్లి కాలేజీలో చదువుతోంది. తన ఖాతాలో ఫొటోలన్నీ దాచేసింది. తప్పు చేసిందెవరు, దాక్కున్నదెవరు?

2023 నవంబరులో రష్మిక మందన్న నకిలీ వీడియో వచ్చింది గుర్తుందా? ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో పట్టుకున్న కుర్రాడు మన గుంటూరు జిల్లావాడే, ఇంజినీరు. అభిమాన పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట. అందరం తిట్టాం. అప్పుడు అలాంటిది చేయడానికి కాస్త పనితనం, ఓపిక కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక వాక్యం చాలు. ఈ ఒక్క విషయంలో నాకు ఊగిసలాట లేదు. ఫొటో బయటికి వచ్చాక ఎవరు ఇల్లిల్లూ తిరిగి తుడుస్తారు? ఆపేదేదో తయారు చేసేచోటే ఆపాలి, డబ్బు కట్టినా కట్టకపోయినా.

బెంగళూరు స్నేహితుడికి ఫోన్ చేస్తే వాడు ఒప్పుకోలేదు. "నువ్వు ఎంత కట్టడి చేసినా ఓపెన్ మోడల్స్ ఉన్నాయి, ఎవరైనా దించుకుని మార్చుకోవచ్చు. బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ 2022లో బయటికి వచ్చినప్పుడే దాని ఫిల్టర్‌ను జనం రెండు లైన్ల కోడ్ మార్చి పీకేశారు. కట్టడి వల్ల మంచివాళ్లకే ఇబ్బంది." అందులో నిజం ఉంది. రక్తదానం కుర్రాళ్లు గుర్తొచ్చారు. జవాబు దొరక్క బాబాయ్‌తో చెప్పా.

ఆయన బీరువాలోంచి ఒక పాత ఫైలు తీశాడు. 2024 మే 13 ఎన్నికల నాటి డిక్లరేషన్లు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద వేసినవాడి పేరు, వేయించినవాడి పేరు, ఇద్దరి చిరునామాలు ఉండాలి. వేయించేవాడు సంతకం పెట్టాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు చేయాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ.

"చూడు, ఏం రాయాలో, ఏం రాయకూడదో ఈ సెక్షన్లో ఒక్క ముక్క లేదు. ఎవురు మాట్లాడతన్నారో చెప్పమంటది, అంతే. నా పేరు కింద పడతాది గాబట్టి నేను చూసుకుంటా. పక్క ప్రెస్సోడు పేరు లేకండా కొడతాడు, నాకు తెలుసు. వాడు కొడతాడని నేను కొట్టానా?"

కొట్టలేదు నిజమే. కానీ నవంబరులో రొయ్యల ఆర్డరు పోయిందని రెండు రోజులు మాట్లాడనిదీ ఈయనే.

జనవరి 18

ఆ మాట పట్టుకుని మిషను మార్చా. ఇప్పుడు మ్యాటర్ రాసే ముందు మిషను రెండే అడుగుతుంది. ఇది ఎవరి పేరు మీద వెళ్తుంది? వాళ్లు మీరు కాకపోతే, వాళ్లకు తెలుసా? మొదటి వారంలోనే ఒకాయన దొరికాడు. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడానికి మండల ఆఫీసు నోటీసులాంటిది కావాలన్నాడు. అందులో ఒక్క తిట్టు లేదు, బెదిరింపు లేదు, అంతా "గారు" భాష. ఎవరి పేరు మీద అని అడగ్గానే ఆయన మళ్లీ రాలేదు.

ఎలుకల మందు, సారా, బాంబు, కత్తి ఇప్పుడు ధారాళంగా అచ్చవుతున్నాయి.

మొన్న కంపెనీ కూడా దిగివచ్చింది. గ్రోక్‌లో నిజమైన మనుషుల ఫొటోలకు బట్టలు తగ్గించే పనిని ఆపుతున్నామని చెప్పింది. చెల్లి మాత్రం ఫొటోలు మళ్లీ పెట్టలేదు.

ఫిబ్రవరి 12

అక్టోబరు నాటి ఏఐ గుర్తు ముసాయిదా ఐటీ నియమాల్లోకి వచ్చింది. 10న నోటిఫికేషన్, 20 నుంచి అమలు. 10 శాతం కొలత ఎగిరిపోయింది, స్పష్టంగా కనిపించే గుర్తు ఉంటే చాలు. అధికారిక ఆదేశం వస్తే వేదికలు మూడు గంటల్లో తీసేయాలి, ఇదివరకు 36 గంటలు ఉండేది. రంగులు సరిచేయడం లాంటి మామూలు మార్పులకు ఈ బాదరబందీ లేదు. బొమ్మ, వీడియో, గొంతుకే ఇది. మా మ్యాటర్ ఉత్త అక్షరాలు కాబట్టి మాకు వర్తించదు.

సోమశిల గేట్లు ఎత్తింది ఉత్త అక్షరాలే. అందుకని ఎవరూ అడగకపోయినా కరపత్రం అడుగున ప్రెస్సు పేరు పక్కన చిన్న అక్షరాల్లో "మ్యాటర్: యంత్ర సహాయంతో" అని వేస్తున్నాం. పెళ్లి కార్డుల వాళ్లు అది వద్దంటున్నారు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే యంత్రం ఎందుకు అని. వాటికి బాబాయే రాస్తున్నాడు, భూతద్దం పెట్టుకుని.

ఫిబ్రవరి 22

నా రెండు ప్రశ్నల పద్ధతికి ఈ రోజు పగులు కనిపించింది.

ఒక కుర్రాడు వచ్చాడు, ఊరి రోడ్డు గుంతల మీద పాట కావాలట. నాయకుడు తానే గుంతలను చూసి మురిసిపోతూ పాడుకుంటున్నట్టు, బుర్రకథ బాణీలో. మిషను అడిగింది: ఎవరి పేరు మీద? నాయకుడి పేరు మీద. ఆయనకు తెలుసా? తెలియదు. కుదరదు అంది.

కుర్రాడు నా వైపు తిరిగాడు. "అక్కా, పగటి వేషగాడు రాజు వేషం కట్టేముందు రాజును అడుగుతాడా?"

అడగడు. వాడు నిలదీసింది న్యాయమే. వెక్కిరింతకు అనుమతి అడిగితే అది వెక్కిరింత ఎలా అవుతుంది? ఎవరి పేరు మీద అన్న ప్రశ్న దొంగ నోటీసును ఆపడానికి పుట్టింది. పాటను చూసి ఎవరూ నిజంగా నాయకుడే పాడాడని అనుకోరు కదా. అందుకని మిషనులో మూడో దారి పెట్టా. వినేవాడు చదివేవాడు మోసపోయే అవకాశం లేకపోతే, రాయించినవాడి సొంత పేరు కింద వేస్తే, రాయొచ్చు. అక్షరాలకు సరే, ఆ నాయకుడి గొంతుతో మాత్రం చేయం, ఎందుకంటే గొంతు విన్నవాడికి నిజమే అనిపిస్తుంది. కుర్రాడు సంతోషంగా తన పేరు ఇచ్చాడు. పాట కూడా బాగా వచ్చింది, ఆపరేటర్ రెండుసార్లు చదివి నవ్వాడు.

బాబాయ్ ప్రూఫు చూసి పక్కన పెట్టేశాడు. "బాగుంది. మన కాడ వద్దు."

"ఇందులో తప్పేముంది బాబాయ్?"

"తప్పేం లేదమ్మా. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడతన్నాయి. కింద మన షాపు పేరు పడతాది. షాపుకు గాజు తలుపులు ఉండాయి."

వాదించలేదు. ఆయన షాపు, ఆయన తలుపులు. కుర్రాడికి పాట వాట్సాప్‌లో పంపి, వేరే ఎక్కడన్నా వేయించుకోమన్నా. బహుశా పక్క ప్రెస్సులోనే వేయించుకుంటాడు.

నిరాకరించిన ప్రతి ఆర్డరుకూ మిషను ఒక కారణం అడుగుతుంది. ఇప్పటిదాకా అందులో మూడే ఉన్నాయి: ఇంకొకరి పేరు, తెలియని సంగతి, లేబుల్ లేదు. పాటకు ఆ మూడూ కుదరలేదు. చాలాసేపు చూసి నాలుగోది చేర్చా, "భయం" అని. ఈ రోజుకు ఆ వరసలో ఒకటి ఉంది.